అమ్మ దిద్దిన గస్తీ లెక్క

మా లెక్కల మాస్టారు మొన్న టెక్కలిలో పోయారని కబురొచ్చింది. ఏడుపు రావాలి కదా, ముందు నవ్వొచ్చింది. ఆయన కోడి గుర్తొచ్చింది మరి.

అరవైల చివర్లో వజ్రపుకొత్తూరు దగ్గర మా బడికి వచ్చారు. అంతకు ముందు వైమానిక దళంలో గస్తీ లెక్కలు కట్టేవారు. సముద్రం మీద కదిలిపోయే ఓడని విమానం ఏ దారిన వెతికితే దొరుకుతుందో చెప్పే లెక్కలు. ఆయన కోడి తప్పించుకుంటే మేం వెంటపడేవాళ్లం. ఆయన మాత్రం నేల మీద నాలుగు గీతలు గీసి, జీడితోట గట్టున నిలబడేవారు. "పోయినచోట కాదర్రా, పోతున్నచోట వెతకాలి" అనేవారు. కోడి తిన్నగా ఆయన దగ్గరికే వచ్చేది. అన్నిసార్లూ కాదనుకోండి, ఒకసారి సాయంత్రం దాకా పాపం అలాగే నిలబడ్డారు.

ఒక ఏడు గాలివానకి మా నాన్న తెప్ప తిరిగి రాలేదు. వెతకడానికి మర్నాడు విశాఖపట్నం నుంచి విమానం వస్తుందన్నారు. ఉన్న పెట్రోలుకి ఒక్క గస్తీయే. మాస్టారు బడి అరుగు మీద కాగితాలు పరిచారు. విమానం ఒక వరస వెతికి రెండో వరసకి మళ్లేలోగా తెప్ప వెతికేసిన వరసలోకి జారిపోకూడదు. గాలి వేగం, గడిచిన గంటలు లెక్కేసి, ఇచ్ఛాపురం వైపు ఒక గడి గీశారు. తంతి ఇవ్వడానికి లేస్తుంటే మా అమ్మ అడ్డం నిలబడింది.

"గాలెటెల్తే అటెల్లిపోడానికి తెప్పేటి, ఎండుమట్టా బాబూ? గాలేత్తే మావోలు వల నీటిలోకి దింపీసి కూకుంటారు. వలని నీరు లాగుద్ది. నీరు కళింగపట్నం ఏపు పోతంది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మాస్టారి లెక్క తప్పన్నవాళ్లు మా ఊళ్లో లేరు. ఆయన కాగితం చింపేసి, "నీరు ఎంత జోరుగా పోతోందమ్మా?" అని అడిగారు.

"నిండు బుట్టెత్తుకుని నేను నడిసినంత."

"అయితే నడువమ్మా!"

ఒడ్డున అమ్మ చేపల బుట్టతో నడిచింది. పక్కనే మాస్టారు గడియారం చూసుకుంటూ, అడుగులు లెక్కపెడుతూ, చెప్పులు ఇసకలో వదిలేసి పరుగు. గడిని కళింగపట్నం వైపు మార్చి గీసి, అక్కణ్ణుంచి సైకిలెక్కి పలాస వెళ్లి తంతి ఇచ్చారు.

విమానానికి తెప్ప మూడో వరసలో దొరికింది. ఒడ్డున దిగగానే మా నాన్న అడిగింది అన్నం. అమ్మ ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే వడ్డించింది. ఊరంతా మాస్టారిని భుజాల మీద ఎక్కించుకోబోతే, "నన్ను కాదర్రా" అని తప్పించుకున్నారు. ఆయనంటే నాకు అందుకే అంత ఇష్టం.

మర్నాడు లెక్కల తరగతికి మాస్టారి కుర్చీలో అమ్మ కూర్చుంది. "నీరు ఎటు పోతందో ఎలా తెలుత్తాదంటే" అని సిగ్గుపడుతూ మొదలెట్టింది. ముందు బల్ల మీద నా పక్కన మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్న మాస్టారు, ఒళ్లో పలక పెట్టుకుని, సందేహం అడగడానికి చెయ్యెత్తారు.