తెల్ల దారం చుట్టిన డబ్బీ

మా ఆస్పత్రి ఆయమ్మ మొన్న శుక్రవారం పోయింది. బొల్లాపల్లిలో కూతురి దగ్గర ఉండగా పోయిందని ఆ ఊరి బస్సు కండక్టరు చెప్పి వెళ్లాడు. టీబీ. ఆ ఆస్పత్రిలో టీబీ పరీక్షలు చేసేది నేనే.

ఎనభైల మొదట్లో నేను ల్యాబ్‌లో చేరేటప్పటికి ఆమె అక్కడ ఊడ్చి, తుడిచే మనిషి. అసలు పని నాకు నేర్పింది మాత్రం ఆమే. తెమడ పట్టమని డబ్బీ ఇస్తే జనం ఉమ్మి ఊసి ఇచ్చేవాళ్లు. ఉమ్మిలో ఏ మైక్రోస్కోపుకైనా ఏం కనిపిస్తుంది? ఆయమ్మ వాళ్లను వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లి, వీపు మీద చెయ్యి వేసి, "ఉమ్మి కాదమ్మా, లోపల్నుంచి తియ్యి. సిగ్గేంది, నేను మొహం అటు తిప్పుకుంటాలే" అనేది. చదువురాని వాళ్ల డబ్బీలు తారుమారు కాకుండా వాళ్ల చీర కొంగు నుంచో, పంచె కొస నుంచో ఒక దారం లాగి చుట్టేది. ఎక్స్‌రే ఫిలిం కోసం అర్జీలు పెట్టి పెట్టి అలిసిపోయిన డాక్టరుగారు, "ఈవిడే మన ఎక్స్‌రే" అనేవారు.

మూడు రోజులు వరసగా తెమడ తెచ్చివ్వాలన్నది రూలు. సున్నపు బట్టీల్లో పనిచేసేవాళ్లు ఒకరోజు వచ్చి మానేసేవారు. కూలి పోతుంది, బస్సు చార్జీ తగులుతుంది. "వీళ్లకసలు శ్రద్ధ లేదు" అని నేను విసుక్కుంటే ఆయమ్మ చీపురు ఆపింది.

"వచ్చినోళ్లే నీకు అగపడతారబ్బాయా. రానోళ్లు నీ రిజిస్టర్లో ఏడుంటారు?"

ఆనాటి నుంచి దూరపు ఊళ్ల వాళ్లను తన వరండాలో పడుకోబెట్టుకుంది. వచ్చిన రోజు ఒకటి, మర్నాడు పొద్దున్నే ఇంకొకటి పట్టించి పంపేసేది. రెండూ చూసి తేల్చమని డాక్టరుగారిని కూడా ఒప్పించింది.

దగ్గేవాళ్ల మధ్య మసిలిన మనిషికి దగ్గు పట్టింది. సున్నం దుమ్మనుకున్నాం. ఈ చుట్టుపక్కల ఎవరు దగ్గినా మేం అనే మాటే అది.

ఒకరోజు ఆమె తన డబ్బీ తానే తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అప్పటికి స్లైడుకు వేసే రంగు అడుగంటింది. ఇంకొక్కదానికి సరిపోతుంది. ఊళ్లో పెద్ద రైతు అల్లుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండుసార్లు ఏమీ లేదని తేలినా, ధైర్యం కోసం మళ్లీ చూడమంటున్నాడు. నేను అతనిదే చూశాను.

"రంగు రాగానే నీది చూస్తా ఆయమ్మా."

"ముందు బయటూరోళ్లయ్యి చూడబ్బాయా. నేనేడకి పోతా, ఈడనే ఉంటాగా."

ఆ మాట నాకు చానా వీలుగా ఉంది. రంగు నాలుగు రోజులకే వచ్చింది. ఆమె అడగలేదు, నేను తలుచుకోలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగకుండానే అందరికీ పెట్టిన మనిషి తనకోసం మాత్రం అడగలేదు.

మూడు నెలల తర్వాత నెత్తురు కక్కుకుంటే అప్పుడు ఇంకో డబ్బీలో పట్టించి చూశాను. స్లైడు నిండా క్రిములే. మందులు మొదలుపెట్టాం కానీ ఆలస్యమైపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కబురు విన్నాక ల్యాబ్ కిటికీలో సీసాలు జరిపి చూశాను. వాటి వెనక ఆ పాత డబ్బీ అలాగే ఉంది. మూత తియ్యలేదు, లోపలిది ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. చుట్టూ ఆమె డ్యూటీ చీర దారం, తెల్లది, నా దగ్గర ఎక్కడా తారుమారు కాకుండా రెండు ముళ్లు వేసి ఉంది.