పెద్దమ్మ కయ్యలో ఎర్రమచ్చ

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు, చేతిలో స్మార్ట్‌ఫోను, ఫోనులో క్రికెట్టు ఉన్న రోజులే. లేనిదల్లా ఉద్యోగమే. డిగ్రీ ముగించి, సూళ్లూరుపేట దగ్గర మా పెద్దమ్మ ఇంట్లో మూడు పూటలా తింటూ ఇంటర్వ్యూ పిలుపు కోసం ఎదురుచూసేవాణ్ణి. (ఎదురుచూడటమూ ఒక పనేనని అప్పట్లో గట్టిగా నమ్మేవాణ్ణి.) పెదనాన్న పోయాక రెండెకరాల వరి కయ్యను ఒంటిచేత్తో సాగు చేస్తున్న మనిషి పెద్దమ్మ. ఎండాకాలంలో కయ్యలో గొర్రెల మంద కట్టించడం మా వైపు మామూలే. కర్రలు పాతి, చుట్టూ వల కట్టి, పొద్దుగూకాక గొర్రెలను అందులోకి తోలుతారు. తెల్లారేసరికి ఆ మేర నేలకు ఎరువు పడుతుంది. రోజూ వలను పక్కకు జరుపుకుంటూ పోతే పది రోజుల్లో కయ్యంతటికీ సత్తువ వస్తుంది. మంద కాపరి తాతకు నడుము నొప్పి. అందుకని వల జరిపే పని పెద్దమ్మ నాకు అప్పగించింది. "కాలు నొప్పితో నేను అంత దూరం రాలేనబ్బయ్యా. నిన్ను నమ్మి చెప్తా ఉండా" అంది.

మొదటిరోజు వల రోడ్డు పక్కన వేశాం. ఫోనుకు సిగ్నలు బాగా అందేది అక్కడే. మర్నాడు తాత వచ్చి "వల జరపాల అబ్బయ్యా" అన్నప్పుడు మ్యాచి మంచి పట్టులో ఉంది. "రేపు చూద్దాం తాతా" అన్నాను. ఆ రేపు పది రోజులు నడిచింది. మంద వెళ్లిపోయాక పెద్దమ్మ "కయ్యంతా తిప్పినారా?" అని అడిగితే, "మూలమూలకీ తిప్పినాం" అని చెప్పి, ఆ సంతోషంలో ఆమె వండిన చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుని మరీ తిన్నాను. ఆ వారమే దుక్కి దున్నించేశారు. సాక్ష్యం మట్టిలో కలిసిపోయిందని ఊపిరి పీల్చుకున్నాను.

అంతలో ఉద్యోగం వచ్చింది. విత్తనాలు వేసే మిషన్లు తయారుచేసే చిన్న కంపెనీ. మా పైఆఫీసరును అందరం కొలతల సారు అనేవాళ్లం. రెండేళ్లు కష్టపడి ఆయన తయారుచేసిన మిషన్ను మొదటిసారి చూసి నోరు తెరిచాను. దాని కింద ఒక అద్దపు కన్ను, మట్టిలో దిగి నడిచే రెండు ఇనుప బిళ్లలు. ట్రాక్టరు కదులుతుండగానే నేల నలుపెంత, తడెంత, సత్తువెంత అని చూసి, గింజలు ఎన్ని వదలాలో అక్కడికక్కడే తేల్చేస్తుంది. బలమున్న నేలలో పిలకలు ఎక్కువ వస్తాయి కాబట్టి గింజలు తగ్గిస్తుంది, సత్తువ లేని నేలలో పెంచుతుంది. డ్రైవరు ముందు తెర మీద పచ్చరంగు ఉంటే మామూలు, ఎర్రబడితే గింజలు బాగా తగ్గించినట్టు. నా గొప్ప చూపించుకోవాలని మొదటి ప్రదర్శనకు పెద్దమ్మ కయ్యనే ఎంపిక చేశాను. (ఆ తెలివిని ఏమనాలో ఇప్పటికీ తెలియదు.)

ప్రదర్శన రోజు గట్టు నిండా జనం. తెర కాసేపు పచ్చగా ఉండి, ట్రాక్టరు రోడ్డు పక్కకు రాగానే ఎర్రబడింది. గింజలు సగానికి పడిపోయాయి. "ఏంది సారూ, మీ మిషను అప్పుడే అలిసిపోయినాదే!" అన్నాడు పక్క కయ్య అన్న. సారు దిగి అద్దం తుడిచాడు, తీగలు లాగి చూశాడు. మళ్లీ నడిపితే మళ్లీ అక్కడే ఎర్రమచ్చ, నలుచదరంగా, వల వేసినంత మేర. "సత్తువ గీత గీసినట్టు ఎక్కడైనా ఉంటుందా? మిషనే తప్పు చెబుతోంది. వెనక్కి తీసుకుపోదాం" అన్నాడు సారు, పాలిపోయిన ముఖంతో. నేను నోరు విప్పితే పెద్దమ్మ దగ్గర నా మాటకు విలువుండదు. విప్పకపోతే నిజం చెప్పిన మిషను అబద్ధాలకోరు అవుతుంది, రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

"మిషను తప్పు లేదు సార్" అన్నాను. "పెద్దమ్మా, వల నేను జరపలేదు. పది దినాలూ మంద ఆడే ఉండింది."

గట్టు మీద నవ్వులు. పెద్దమ్మ నవ్వలేదు. కుంటుకుంటూ వచ్చి తెర వంక చూసింది. "నీ మొకం చూసి నేను కనుక్కోలేకపోయినా. ఇది మట్టిని చూసి కనుక్కునిందే!" అని సారు వైపు తిరిగింది. "కానీండి సారూ. అది చెప్పినట్టే ఇత్తనం పడనీండి." ఆ పూట నాకు అన్నం వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది.

పైరు మాత్రం ఎంత సమంగా ఎదిగిందంటే, మంద ఎక్కడ పడుకుందో గట్టు మీద నిలబడ్డవాళ్లెవరూ చెప్పలేకపోయారు. నా బద్ధకాన్ని బయటపెట్టిన మిషనే దాన్ని సర్దేసింది కూడా. మరుసటి ఎండాకాలం పెద్దమ్మ ఫోను చేసింది. "మంద వస్తా ఉండాది. వస్తావా?" పది రోజులు సెలవు పెట్టి వెళ్లాను. బలిసిన ఆ రోడ్డు పక్క మూలను వదిలేసి, రోజూ కర్రలు పెరికి, వల మోసి, మిగతా కయ్యంతా తిప్పాను. భుజాలు దోక్కుపోయాయి.

ఆ ఏడూ ప్రదర్శన పెద్దమ్మ కయ్యలోనే పెట్టించాను. విత్తనాలప్పుడు రంగులు మారే వింత చూడాలని నెల్లూరు నుంచి పెద్దమనుషులు కార్లలో దిగారు. ట్రాక్టరు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎన్నిసార్లు తిరిగినా తెర పచ్చగానే ఉంది. "దీంట్లో ఏముంది, మామూలు మిషనే గదా" అని పెదవి విరిచి వెళ్లిపోయారు. "ప్రదర్శనకి ఇంకో పొలమే దొరకలేదా నీకు?" అని సారు పళ్లు నూరాడు. పెద్దమ్మ మాత్రం తెర ముందు చాలాసేపు నిలబడి, "అంతా ఒకటే రంగబ్బయ్యా" అని నా భుజం మీద చెయ్యి వేసింది, సరిగ్గా దోక్కుపోయిన చోట. చురుక్కుమన్నా కదల్లేదు. ఆ తర్వాత ఎన్నో పొలాల్లో ఎన్నో రంగులు చూశాను, జీతమూ పెరిగింది, పొట్టా పెరిగింది. అయినా పళ్లు నూరే సారుకూ పెద్దమ్మకూ మధ్య వెర్రినవ్వుతో నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం, మళ్లీ అంత శ్రద్ధగా ఏ పనైనా చేశానా అని నవ్వుకుంటూనే కాస్త సిగ్గుపడుతుంటాను.