ఇనుము అన్న మాట తర్వాత

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

అమీర్‌పేటలో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్‌లో జాగ్రఫీ చెబుతాను. నాకు పేరు తెచ్చిన పాఠం ఒకటుంది. దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న సముద్రంలో మిగతా పోషకాలు పుష్కలం, ఇనుము మాత్రం చాలదు. అది లేక నీటిలో కంటికి కనిపించని పాచి సరిగా పెరగదు. చలికాలంలో సముద్రం గడ్డకట్టేటప్పుడు ఆ మంచు కొంత ఇనుమును తనలో పట్టి ఉంచుకుంటుంది. ఎండలొచ్చి కరిగినప్పుడు వదులుతుంది. అప్పుడు పాచి పెరుగుతుంది, దాన్ని రొయ్యల్లాంటి క్రిల్ తింటాయి, వాటిని తిమింగలాలు తింటాయి. ఇంత బతుకూ చిటికెడు ఇనుము మీద.

ఇక్కడ ఒక జోకు వేసేవాణ్ణి. "మా అక్క కూడా ట్రేలకు ట్రేలు మంచు నములుతుంది. మా ఇంట్లో తిమింగలం లేని లోటే లేదు." ప్రతి బ్యాచ్ నవ్వేది.

అక్క నిజంగానే నమిలేది. పెళ్లి చేసుకోలేదు, నాతోనే ఉండేది. పంజాగుట్టలో ఒక చీరల షాపులో ఫాల్స్ కుట్టేది. సాయంత్రం ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పగానే ఫ్రిజ్ తెరిచేది. నేను పాఠం తయారు చేసుకుంటుంటే వెనక కరకరమని చప్పుడు. విసుక్కునేవాణ్ణి. నీరసంగా ఉంటోందిరా అంటే, వయసు మీద పడుతోందిలే అన్నాను.

షాపులో ఆమె పక్కన కుట్టే అమ్మాయి తమ్ముడు మా సెంటర్‌లో చేరాడు. ఒకరోజు బెండకాయలు తరుగుతూ అక్క అడిగింది.

"నా గురించి క్లాసులో చెబుతావటగా?"

నేను నోట్సులో పేజీ తిప్పాను.

"నవ్వుతారా?"

"నవ్వుతారు."

"పోన్లే," అంది.

ఆ గొంతులో కోపం లేదు. నేను ఆ జోకు మానలేదు.

ఆ ఎండాకాలం అక్క షాపులోనే పడిపోయింది. ఏళ్ల తరబడి నెలనెలా విపరీతంగా రక్తం పోతోందట. తను చెప్పలేదు, నేను అడగలేదు. ఒంట్లో ఇనుము బొత్తిగా లేదని చెప్పి, డాక్టరమ్మ ఆగి అడిగింది: "ఆవిడ ఐసు బాగా తినేవారా?" ఇనుము తక్కువైన వాళ్లలో కొందరికి మంచు నమలాలనిపిస్తుందట.

అప్పటికే గుండె అలసిపోయింది. అక్క ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. నాకు ఏడుపు రాలేదు. ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ పెద్దగా అనిపించదు. దయ్యాల కంటే నాకు అదే భయం.

కొన్ని నెలలకు సెంటర్ వాళ్లు పాఠాలు వీడియో తీశారు. తలుపులు మూసిన గది, గోడల నిండా స్పాంజి, లోపల నేనూ ఎడిటరూ. జోకు తీసేశాను. కానీ "చిటికెడు ఇనుము" అన్నాక, అలవాటుగా, నవ్వుల కోసం ఆగాను.

ఎడిటర్ హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూశాడు. "సార్, మీరేమన్న నములుతున్నరా?"

వినిపించాడు. నా గొంతు, ఇనుము అన్న మాట, తర్వాత కరకరమని చప్పుడు. మైకు వైరు లూజై ఉంటుందన్నాడు. మార్చాడు. మర్నాడు ఇంకో గదిలో మళ్లీ తీశాం. అదే చోట, అదే చప్పుడు. ఈసారి మైకే పాడైందనుకుని, జర ఫికర్ చేయకండి, ఎవ్వరు పట్టించుకోరని ఆ వీడియోనే పెట్టేశాడు.

కొన్నాళ్లకు ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి మెట్ల దగ్గర ఆపింది.

"సార్, గా వీడియోల మంచు నమిలేది ఎవరు సార్?"

"మంచని నీకెలా తెలుసు?"

"నేను సుత గట్లనే తింట సార్. హాస్టల్ల అందరు తిడ్తరు."

ఆమె నవ్వుతోంది. వెంటనే రక్తపరీక్ష చేయించుకోమన్నాను. తేలిగ్గా తీసుకుంటుందేమోనని కింద ఉన్న ల్యాబ్ దాకా వెంట వెళ్లాను. రక్తం చాలా తక్కువగా ఉంది. ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది. ఐసు మీదికి మనసు పోవట్లేదు సార్ అని మొన్న చెప్పింది.

ఇదంతా చెబితే, అక్కే ఆ పిల్ల కోసం వచ్చిందని ఒక స్నేహితుడు అన్నాడు. అంత తేలిగ్గా నన్ను నేను క్షమించుకోలేను.

వీడియో అలాగే ఉంది. ఆ చప్పుడూ అలాగే ఉంది. రెండు గదుల్లోనూ మంచు లేదు, తినే మనిషి లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పలేను. నవ్వుల కోసం నేను ఆగిన చోట ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఆ ఖాళీలో ఎవరో తీరిగ్గా మంచు నములుతున్నారు.