వినాయకుడు అడ్డుకున్న నీళ్లు

మొన్న మా అబ్బాయి మా పాత లారీకి పాడైన నీళ్ల పైపులు మారుస్తూ, అతుకుల్లో నీళ్లు కారకుండా పెట్టే గాస్కెట్లను ప్యాకెట్ చింపి తీశాడు. మా ఆయన బండి నడిపినన్నాళ్లూ వాటిని ఇంట్లోనే కోసుకునేవాళ్లం.

ఇంటికొచ్చిన పెళ్లికార్డులన్నీ అందుకోసమే దాచేదాన్ని. దళసరి కార్డును ఇంజిన్ మీద ఆనించి అంచుల వెంట సుత్తితో తట్టితే నూనె గీత పడుతుంది. ఆ గీత వెంట జాకెట్లు కుట్టే కత్తెరతో కోయడం నా పని.

ఒక మధ్యాహ్నం కర్దనూర్‌లో మా ఇంటి ముందే మా ఆయన ఇంజిన్ విప్పాడు. ఐదింటికల్లా గడ్డపోతారంలో ఫ్యాక్టరీ గేటు ముందు ఉండాలి, లేకుంటే లోడు వేరే బండికి పోతుంది. "జల్దీ కొయ్యవే" అని ఒకటే తొందర. కోసిచ్చాను. ఆత్రంలో ఆయనా చూడకుండా బిగించేశాడు. బండి స్టార్ట్ చేస్తే ఇంజిన్ కాసేపటికే వేడెక్కి ఆవిరి కక్కింది.

చల్లారాక విప్పి చూస్తే, బోల్టుల రంధ్రాలన్నీ ఉన్నాయి. నీళ్లు పోవాల్సిన నడిమి రంధ్రం మాత్రం లేదు. అక్కడ వినాయకుడి బొమ్మ ఉంది.

"దేవుని మీద కత్తెర ఎట్ల పెడ్తనయ్యా?" అన్నాను.

"మంచిగ చేసినవ్! నీళ్లకు అడ్డం కూసోబెట్టినవ్. ఇగ లోడు గుడ ఆయన్నే మోయమను!"

పక్కింట్లో చర్చికి వెళ్లే కుటుంబం ఉండేది. పరుగెత్తి వాళ్ల దగ్గరున్న పెళ్లికార్డు అడిగి తెచ్చాను. దాని మీద రెండు గులాబీలు తప్ప వేరే బొమ్మలేమీ లేవు. భయం లేకుండా కోశాను. బండి వేళకు గేటు చేరింది.

నూనె మరకల వినాయకుణ్ణి ఆయన పారేయలేదు, స్టీరింగ్ ముందు అంటించుకున్నాడు. ఆ బొమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది. మొన్న పైపులు మార్చాక మా అబ్బాయి చేతులు తుడుచుకుని, ఆ వినాయకుడికి దండం పెట్టాకే తాళం తిప్పాడు.