బుద్రమ్మ కొరకని గింజ

మా వీధి చివర కాఫీ గింజలు వేయించి పొడి కొట్టే దుకాణం పెట్టారు. ఆ వాసనకు పార్వతీపురంలో అందరికీ నోరూరుతుంది. నేను మాత్రం లేచి కిటికీ తలుపులు మూసేస్తాను. ముసలితనమని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కాదు, అది పంతొమ్మిదేళ్ల వయసులో అరకు కొండల్లో, బుద్రమ్మ పాకలో పట్టుకున్న భయం.

వెయ్యి తొమ్మిదివందల ఇరవైల నాటి మాట. నేను అక్కడి మిషను బడిలో పంతులమ్మని. బడి తలుపు వేశానో లేదో అని మూడుసార్లు వెనక్కి వెళ్లి చూసుకునే పిరికిదాన్ని. బుద్రమ్మ నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద, అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. తోట దొరగారి కాఫీ గింజలు వేయించి ఇవ్వడం ఆమె పని. ఆ పొగలో, చీకట్లో రంగు ఏం కనిపిస్తుంది? ఇనప మూకుడులోంచి ఒక గింజ తీసి పంటి కింద కొరికి, అదను తెలియగానే దించేసేది.

ఆ ఏడు ఊరివాళ్లు సొంతంగా వేసుకున్న మొక్కలు మొదటిసారి కాశాయి. కొండ కింద మైదానం నుంచి ఒక షావుకారు వస్తానని కబురు పెట్టాడు. వేయించిన గింజ నచ్చితే పంటంతా కొంటాడు. నచ్చకపోతే మొక్కలు పీకేసి మళ్లీ చోళ్లు, అదే రాగులు, చల్లుకుంటామని మగవాళ్లు తేల్చేశారు. అతను వచ్చే రోజు పొద్దున ఊరికే చూసిపోదామని పాకకి వెళ్తే, బుద్రమ్మ నన్ను చెయ్యి పట్టుకుని పొయ్యి పక్కన కూర్చోబెట్టింది.

"పంతులమ్మా, ఈ గింజ నువ్వే కొరికి సెప్పాల. నాను కొరకకూడదు."

"అదేటప్పా, రోజూ కొరుకుతావు కదా?"

"అది దొర గింజ. ఇది మా నేలది. ఇంకా కొత్త అవ్వలేదు."

ఆ కొండల్లో ఏ పంటనైనా దేవతకు పెట్టి కొత్త పండుగ చేశాకే నోట పెడతారు. చిక్కుడుకో రోజు, మామిడికో రోజు. కాఫీకి ఏ రోజో తేలక పెద్దలు ఇంకా వాదించుకుంటున్నారు. ఎవరూ చూడరు కదా అన్నాను.

"నాను కొరికీసి, రేపు ఏ గుంటకో జొరమొచ్చిందనుకో. ఆ పిల్ల తల్లి మొకం ఎలా సూడాల? మీకు ఈ కట్టు నేదు, మీ దేవుడు వేరు కదా."

కాఫీ తాగే అలవాటే లేని నా నాలుక మీద ఊరి పంటంతా పెట్టేసింది. గింజలు చిటపటలాడాయి. కొరికితే పచ్చిగడ్డిలా ఉంది. "ఇప్పుడా?" అని అడిగింది. "ఉండు" అన్నాను. మళ్లీ అడిగింది, మళ్లీ ఉండమన్నాను. మూడోసారికి పాక నిండా పొగ, మూకుడు నిండా బొగ్గు. నాకు ఏడుపొచ్చింది. ఆమె మూకుడు తుడిచి, మిగిలిన గింజలు పోసింది.

"నా తిట్టు కోసం సూడకు. గింజ సూడు."

ఈసారి గింజ పంటి కింద ఫట్టున విరిగింది. చేదు వెనక తీపి లాంటిదేదో తగిలింది. ఇదేనని తెలిసిపోయింది. అయినా నోరు రాలేదు. ఒక్క ఊపిరి సేపు ఆగి "చాలు" అన్నాను. నా మాట పూర్తవకముందే మూకుడు దించేసింది, నిజమేనా అని అడగలేదు.

మధ్యాహ్నం షావుకారు వచ్చాడు. ఒక గింజ నమిలి గోడకేసి చూశాడు, ఇంకొకటి నమిలాడు. పంట తీసుకుంటానన్నాడు. అందరూ కేరింతలు కొడుతుంటే నాకు కొత్త బెంగ పట్టుకుంది. మర్నాటి నుంచి హాజరు పిలుస్తూ ఒక్కొక్క పిల్ల నుదురూ ముట్టి చూశాను. మా దేవుడు వేరని ఆమె నమ్మింది గానీ నేనే నమ్మలేకపోయాను. ఒక గుంటడు తుమ్మితే ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దలు చివరికి రోజు కుదిర్చారు. దేవతకు పెట్టాక బుద్రమ్మ, ఆనాడు వేయించిన గింజల్లో దాచిన ఒకదాన్ని కొరికింది. కళ్లు మూసుకుని నమిలింది. బాగుందని అందరికీ తలూపి, నా పక్కకొచ్చి చెవిలో అంది:

"కూసింత మాడింది. నీకు ముందే తెలిసింది కదా?"

తలూపాను.

"మరి బేగి సెప్పలేదేటి?"

తర్వాత ముప్పయ్యేళ్లు పంతులమ్మగా చేశాను. కూతురి చదువు మాన్పిస్తానన్న తండ్రుల ముందు, తప్పుడు నివేదిక రాయమన్న పైఅధికారుల ముందు నిలబడాల్సి వచ్చింది. పిరికితనం పోలేదు, ఇప్పటికీ తలుపు వేశానో లేదో అని మూడుసార్లు చూసుకుంటాను. కానీ చెప్పాల్సిన మాట తెలిశాక ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆగలేదు.