పెద్దాయనకి పంపిన బుట్ట

"రాసుకోండి బాబూ, కాదనను. కానీ పుణ్యాత్మురాలు అన్న మాట మాత్రం నా గురించి రాయకండి. రాస్తే ఆ పుస్తకాన్ని నా గుమ్మం తొక్కనివ్వను."

బేకరీ వదిన చేతులు మోచేతుల దాకా పిండిలోనే ఉన్నాయి. వీధిలో అందరికీ ఆమె వదినే. ఆమెకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ప్రార్థన మందిరం కట్టి యాభై ఏళ్ళయిందని పెద్దలు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. అందులో ఆమె గురించి నాలుగు మాటలు రాయడానికి వచ్చిన మనిషి, బోర్లించిన పిండి డబ్బా మీద కూర్చున్నాడు.

"పద్దెనిమిదేళ్ళుగా వారం వారం రొట్టెలు పంపుతున్న మాట నిజమే కదమ్మా?"

"పంపుతున్న మాట నిజమే. ఏం పంపానో మీరూ అడగలేదు, వాళ్ళూ అడగలేదు."

తర్వాత ఆమె తల ఎత్తకుండానే చెప్పుకుంటూ పోయింది.

బట్టీ పక్కన గోడవార ఒక పేము బుట్ట ఉండేది. దాని పేరు దేవుడి బుట్ట. బట్టీ మూలన మాడినవి, ట్రే నుంచి ఊడదీస్తుంటే విరిగినవి, అద్దాల బీరువాలో రెండు రోజులు కూర్చుని ఎవరి కంటికీ ఆననివి, అన్నీ అందులోకే. ఆరాధన రోజు పొద్దున దాని మీద గుడ్డ కప్పి మందిరానికి పంపేవారు. అక్కడ వెనక గదుల్లో, నా అనేవాళ్ళు లేని పదకొండు మంది ముసలివాళ్ళు ఉంటారు. "గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నారట. మనింట్లో మాడిపోయిన రొట్టె దైవార్పణం" అని ఆమె భర్త అంటుండేవాడు. అందరికంటే ముందు నవ్వేది ఆమే.

అదే రోజు మధ్యాహ్నం మందిరంలో పిల్లలకు కథలు చెప్పేదీ ఆమే. మన్నా కథ చెప్పడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఎడారిలో ఆకలితో అలమటించే జనం పొద్దున్నే లేచి చూస్తే నేలంతా తెల్లగా పరుచుకుని ఉందట. "ఇదేమిటి? ఇదేమిటి?" అని ఒకరినొకరు అడిగారట. చివరికి ఆ ప్రశ్నే దానికి పేరైపోయింది. ఏ రోజుది ఆ రోజుకే. రేపటికని దాచినవాళ్ళ కుండలో తెల్లారేసరికి పురుగులు! ఆ మాట దగ్గర ఆమె మొహం వికారంగా పెట్టేది. పిల్లలు ముక్కులు మూసుకుని కేరింతలు కొట్టేవారు.

"ఆయన వాళ్ళకిచ్చింది ఏ పూటకాపూట తాజాది. నేను ఆయనకిచ్చింది మొన్నటిది. అది తట్టడానికి నాకు పదిహేడేళ్ళు పట్టింది బాబూ. అదీ నా అంతట నాకు తట్టలేదు. మా మరిది నోట వినాల్సొచ్చింది."

కిందటేడు ఆమె భర్తకు నడుం పట్టేసింది. సరుకు చేరవేయడానికి మరిది వచ్చాడు. నిండా అమాయకుడు, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. అతను వచ్చిన మూడో రోజే ఆరాధన రోజు. అదే రోజు పట్టణాధికారి ఇంట్లో విందు. మొదటి వాయి బన్నులన్నీ వాళ్ళకే. గుడ్డు సొన పూసి కాల్చిన బన్నులు, అద్దంలా మెరుస్తున్నాయి. గుమ్మం దగ్గర రెండు బుట్టలు పక్కపక్కనే ఉన్నాయి. వదిన పిండి పిసుకుతూ వెనక్కి తిరగకుండానే పురమాయించింది: "మొదటి వాయి పెద్దాయనకి. ముందది దించు. రెండోది రెండో చోట ఇచ్చేసి రా."

బేకరీలో పెద్దాయన అంటే పట్టణాధికారి. ఆ సంగతి మరిదికెవరూ చెప్పలేదు.

గంటలో తిరిగొచ్చాడు, ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ.

"దించేశావా?"

"ఆఁ వదినా. మొదటి వాయి మందిరంలో, రెండోది ఆ ఆఫీసరు గారింట్లో."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పెద్దాయనకన్నానా లేదా?"

"అందుకేగా మందిరంలో ఇచ్చింది. దేవుడికంటే పెద్దాయన ఎవరొదినా?"

వేళాకోళం ఆడుతున్నాడేమోనని ఆమె అతని మొహంలోకి చూసింది. ఆడటం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

జవాబు చెప్పే తీరిక లేదు. పిండి చేతులతోనే పరుగు తీసింది. పదిహేడేళ్ళలో మందిరానికి రొట్టెలు ఆలస్యమైనా, అసలు అందకపోయినా ఒక్కనాడూ అలా పరుగెత్తి ఎరగదు.

అధికారి ఇంటి వెనక గుమ్మంలో వంటాయన బుట్టంతా బల్ల మీద గుమ్మరించి ఉన్నాడు. ఒక రొట్టెను రెండు వేళ్ళతో పట్టుకుని బల్లకేసి కొట్టాడు. టక్కుమంది.

"పొరపాటు సరే తల్లీ, మనిషన్నాక జరుగుతుంది. ఇంతకీ ఇవి ఎవరికని కట్టావు?"

అతని వెనక గిన్నెలు తోమే ఇద్దరు ఆడవాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు. వదిన నోరు దానంతటదే తెరుచుకుంది.

"పందుల దొడ్డికి."

"అలా చెప్పు మరి! నేనింకా మనుషులకేమో అనుకున్నాను" అన్నాడతను. అందరూ నవ్వారు. వాళ్ళతో పాటు ఆమె కూడా నవ్వింది.

ఆ బుట్ట పట్టుకునే మందిరానికి వెళ్ళింది. వెనక గదిలో ముసలివాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. మధ్యలో బన్నుల బుట్ట, కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. అందరిలోకీ పెద్దావిడ, వాళ్ళంతా అమ్మమ్మ అని పిలిచే ఆవిడ, వదినను చూసి లేవబోయింది.

"వచ్చావా తల్లీ. వస్తావనే అనుకుంటున్నాం. ఒక కొస ఎత్తి చూశాం, అంతే. వేడివేడిగా ఉన్నాయి. అయితే మనవి కావులే అని మూసేశాం. ఒక్కరూ ముట్టుకోలేదు, కావాలంటే చూసుకో. మావి తెచ్చావు కదూ?"

"నా తల తీసి మొలేసినట్టయింది" అంది వదిన. "అప్పుడైనా 'ఇవి మీవే, తినండి' అని ఉండొచ్చు. అనలేదు. విందుకు వేళవుతోంది కదా. పాత బుట్ట బల్ల మీద పెట్టి కొత్త బుట్ట చంకన పెట్టుకున్నాను. గుమ్మం దాటుతుంటే వెనక వాళ్ళ ప్రార్థన వినబడింది. ఇవాళ కూడా మా ఆకలి మరిచిపోలేదయ్యా అని దేవుడికి చెప్పుకుంటున్నారు. పందుల దొడ్డి అన్న మాట అప్పటికింకా నా నాలుక మీద ఆరలేదు."

మరుసటి వారం మందిరంలో పెద్దలు పాత లేఖనాల్లో ఒక ప్రవక్త మాట చదివారు. కుంటిదీ గుడ్డిదీ చూసి దేవుడికి బలి తెస్తున్నారే, దాన్నే తీసుకెళ్ళి మీ అధికారికి ఇచ్చి చూడండి, పుచ్చుకుంటాడేమో! ఆమె ఆ మాట పదిసార్లు వినే ఉంటుంది. ప్రతిసారీ, అది గొర్రెలున్నవాళ్ళకు చెప్పింది, మనకు గొర్రెల్లేవుగా అనుకుని కూర్చునేది. ఆ రోజు మాత్రం మధ్యలోనే లేచి బయటికి వచ్చేసింది. కళ్ళు తిరిగాయేమోనని ఎవరో నీళ్ళు తెచ్చారు.

అప్పటి నుంచి ఆరాధన రోజు మొదటి వాయి మందిరానికే. తానే మోసుకెళుతుంది. గడప దగ్గర పెట్టి వెనక్కి వచ్చేస్తుంది. గొంతు బాగాలేదని చెప్పి పిల్లలకు కథలు మానేసింది.

"నేను సిగ్గుతో చేస్తున్నదాన్ని వాళ్ళు భక్తి అనుకుంటున్నారు. అందుకేగా మిమ్మల్ని పంపింది?"

రాయడానికి వచ్చిన మనిషి కలం మూశాడు. "ఆ పందుల మాట వదిలేయమంటారా అమ్మా?" అన్నాడు.

"వదిలేస్తే ఇంక రాయడం దేనికి?" ఆమె చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. "ఒక్క సాయం చేయండి. అచ్చుకిచ్చే ముందు ఈ రాసుకున్నదాన్ని ఆ అమ్మమ్మకి చదివి వినిపించండి. ఆవిడకి చదువు రాదు. నేనే చెబుదామని ఏడాదిగా ఆ గడప దాకా వెళుతున్నాను, నోరు పెగలడం లేదు. మీరు మాత్రం పందుల దొడ్డి దగ్గర గొంతు తగ్గించకండి, ఆవిడకి చెవుడు. ఆవిడ తిడితే తిట్టింది తిట్టినట్టే వచ్చి నాకు చెప్పండి. లేవండి మరి, ఈ వేళప్పుడు మెలకువగానే ఉంటుంది."