మా మరిది మోకాలు

మా మరిది సినిమా పాటల్లో వెనక వరసలో డాన్స్ చేసేవాడు. మోకాలి పైన వాపు వచ్చి మూడు నెలలైనా ఇంట్లో చెప్పలేదు. షూటింగులో తెలిస్తే పాటలోంచి తీసేస్తారని భయం. ఫిల్మ్‌నగర్‌లో డాన్సర్లకు బెణుకులు సరిచేసే ఒకాయన దగ్గర నూనె రుద్దించుకుని రిహార్సల్‌కి పోయేవాడు. వాపు మాత్రం గట్టిపడుతూ వచ్చింది. మా ఆయన షూటింగు పని మీద ఊళ్ళో లేరు. నేనే బంజారాహిల్స్‌లో ఒక ఆస్పత్రికి లాక్కుపోయాను. స్కాన్లు తీశారు, సూదితో ముక్క తీసి పరీక్షించారు. ఎముక కేన్సర్. ఊపిరితిత్తులకు పాకలేదు. వైద్యం సంగతి శుక్రవారం మాట్లాడదామన్నారు డాక్టరుగారు.

శుక్రవారం దాకా ఆగే మనిషిని కాను. నేను షూటింగుల్లో జడలు వేస్తాను. అందులో పని తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. ఆ ఖాళీలోనే గ్రంథాలయం పుస్తకాలు చదివాను. పదో తరగతి తప్పినదాన్నే, అయినా గుండెకు ఎన్ని గదులో, కిడ్నీ ఏం చేస్తుందో నిద్రలో అడిగినా చెబుతాను. వైద్యం అరలో లావుపాటి తెలుగు పుస్తకం దొరికింది. ఎముక కేన్సర్‌కు అందులో ఒకటే దారి ఉంది, కాలు తీసేయడం. రహమత్‌నగర్‌లో మా ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టి మరిదికి అదే చదివి వినిపించాను.

"వదినా, నువ్వు జడలేసేదానివా, కాళ్ళు కోసేదానివా?"

"నవ్వకురా. పుస్తకంల ఉన్నది."

"నా మోకాలు ఫొటో గూడ ఉన్నదా అందుల?"

నవ్వాడు గానీ అన్నం సగంలో వదిలేశాడు. మర్నాటికి డాన్స్ బూట్లు అటకెక్కాయి. "కాలే పోయేదుంటే మందులెందుకు? నేను రాను" అని మొండికేశాడు. నా చదువే వాణ్ణి వైద్యానికి దూరం చేసింది. శుక్రవారం బతిమాలి, తిట్టి, ఆటో ఎక్కించాను.

డాక్టరుగారు నేను వెంట తీసుకెళ్ళిన పుస్తకం మొదటి పేజీ తిప్పారు. "అమ్మా, ఇది నేను పుట్టకముందు అచ్చయింది."

తర్వాత కాగితం మీద కాలి బొమ్మ గీశారు. ముందు రెండు మూడు నెలలు కీమో. ఆ తర్వాత ఆపరేషన్. నరాలు, రక్తనాళాలు గడ్డలో చిక్కుకోకపోతే చెడిన ఎముక మేరకే తీసి లోహపు కీలు పెడతారట. కొందరికి తీసిన ఎముకకే రేడియేషన్ ఇచ్చి మళ్ళీ దాన్నే అమరుస్తారట. చిక్కుకుంటే మాత్రం కాలు తీయక తప్పదు, దానికీ కృత్రిమ కాలుంది. ఏది చేసినా చివర్లో మళ్ళీ కీమో.

"మాట ఇవ్వలేను. కీమో తర్వాత ఇంకోసారి స్కాన్ చూడాలి. కానీ ఇప్పుడున్న స్కాన్ చూస్తే కాలు నిలుస్తుందనే అనుకుంటున్నాను" అన్నారు.

"ఆ మోకాలితోని డాన్స్ చేయొచ్చా సార్?" అన్నాడు మరిది.

"నడవచ్చు, మెట్లెక్కచ్చు. ఎగరకూడదు, దూకకూడదు."

నేను తల దించుకున్నాను. వాడి బతుకంతా ఎగరడమే. వాడు ఆ బొమ్మలో మోకాలి మీద వేలు పెట్టాడు.

"హీరోలు ఎవరు ఎగురుతున్నరు సార్ ఇప్పుడు? వాళ్ళు స్లో మోషన్‌ల నడుస్తరు, ఎన్క మేం ఎగుర్తం. నడిస్తే సాలంటే నేను గూడ హీరోనే."

డాక్టరుగారు పగలబడి నవ్వారు. వాడు నవ్వలేదు. "కీమో ఎప్పుడు?" అని అడిగాడు.

కీమో మొదలయ్యే సోమవారం నేను లేచేసరికే ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆటో పిలిచిన. జల్దీ రా వదినా, మందు సల్లారిపోతది."